ఏడు ముడుల తాడు

పోయిన వారం మిమ్మల్ని తెనాలి స్టేషన్లో, రేపల్లె పాసింజరు ఆగే ప్లాట్‌ఫారం మీద, ఎర్రటి ఎండలో నిలబెట్టి నా దారిన నేను పోయాను. తప్పే. ఈ వారం బెంచీ మీద కూర్చోబెడతాను. నీడ కూడా ఉంది. పక్కన గంగరత్నం ఖాళీ చేపల గంప ఉంది కాబట్టి ముక్కు కాస్త అటు తిప్పుకోండి.

మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆమని బాపట్లలో ఉండే డాక్టరమ్మ. సూది గుచ్చే డాక్టరు కాదు. జనం ఎందుకు లావెక్కుతున్నారు, ఎవరు ఎంత నడుస్తున్నారు, నడిచేవాళ్ళు ఎందుకు మానేశారు అని నాలుగేళ్ళుగా ఊళ్ళమ్మట తిరిగి కనుక్కుంటున్న డాక్టరు. తెనాలిలో కొట్లలో కూర్చునేవాళ్ళకీ, బాపట్లలో ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళకీ, రేపల్లె అవతల సముద్రం పక్క పల్లెలవాళ్ళకీ నడుముకి అగ్గిపెట్టెంత మిషను కట్టింది. ఏడు రోజులు ఉంచుకోవాలి. మనిషి ఎప్పుడు కదిలిందీ, ఎప్పుడు కూలబడిందీ అది లోపల రాసుకుంటుంది. పల్లెల్లో తలుపు తట్టడానికి ఆవిడ నన్ను పెట్టుకుంది. నేనంటే పున్నారావుని. ముప్పై ఏళ్ళుగా రేపల్లె రైల్లో బఠాణీలు అమ్ముతున్నాను. బఠాణీలతో పాటు కథలు కూడా ఇస్తాను. వాటికి పొట్లం కట్టను.

మొగపాలెం గంగరత్నానికి కట్టిన పదిహేడో నంబరు మిషను తిరిగొచ్చింది. దాని లెక్కలు చూసి ఆమని పైనున్న పెద్దాయన వేంకటసుబ్రహ్మణ్యం గారు ఫోను చేశారు. "ఇది ఒక మనిషి నడక కాదమ్మా. రోజుకో మనిషి నడిచినట్టుంది. మీవాళ్ళు కూర్చుని కల్పించారని కమిటీ అనుమానం. సోమవారం పదకొండింటికి కారణం చూపించు. చూపించలేకపోతే రేపల్లె వైపు పన్నెండు పల్లెలూ తీసేస్తారు."

పన్నెండు పల్లెలూ తీసేస్తే మిగిలేది తెనాలి కొట్లూ, బాపట్ల కుర్చీలూ. రేపు జిల్లాలో ఎవరు ఎలా కదలాలో, ఏం చేస్తే ఒళ్ళు పెరగకుండా ఉంటుందో చెప్పే పుస్తకం వస్తే, అందులో సముద్రం ఒడ్డున బతికే ఆడమనిషి ఒక్కతి కూడా ఉండదు. ఆమని నాలుగేళ్ళ తిరుగుడులో సగం గాలికి పోతుంది.

ఇవాళ శనివారం. ఇక చూడండి.

* * *

ఆమని ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుంది. తెర మీద ఏడు వరసలు, ఒక్కో వరసలో ఎర్రటి గీతలు. దూరాన్నించి చూస్తే గట్టు మీద తాడిచెట్ల వరసల్లా ఉన్నాయి. ఒక వరసలో చెట్లు పొడుగు, ఒక వరసలో పొట్టి, ఒక వరసలో గుంపులు గుంపులు.

"గంగరత్నం గారూ, కోపం తెచ్చుకోకండి. ఈ మిషను మీరొక్కరే కట్టుకున్నారా?"

గంగరత్నం చీర కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకుంటూ కొంగు సందులోంచి నా వంక చూసింది. ముప్పై ఏళ్ళ పరిచయం. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు.

"బాబాయ్‌ని అడగండి మేడంగారూ."

"ఆయన్ని ఎందుకు అడగడం? మిషను మీకిచ్చాం కదండీ."

"మిషను మీరిచ్చారండి. మాట ఆయనిచ్చాడు."

నేను పైనున్న టైముబోర్డు వంక చూశాను. బండికి ఇంకా నలభై నిమిషాలుంది. పారిపోవడానికి చాలదు, దాక్కోవడానికి ఎక్కువ.

"పున్నారావు గారూ," అంది ఆమని. ఆవిడ గొంతు పెంచదు. అదే ఇబ్బంది. గొంతు పెంచేవాళ్ళ దగ్గర మనమూ పెంచి తప్పించుకోవచ్చు.

చెప్పాను. ఏం చేస్తాను. ఆ వారం మొదట్లో రైల్లో, ఆడవాళ్ళ పెట్టెలో, గంగరత్నం నడుమున ఉన్న మిషనేంటని అందరూ అడిగారు. అసలు సంగతి చెప్పొచ్చు. కానీ అసలు సంగతి మొదటి స్టేషను పల్లికోన దాకా కూడా రాదు, మధ్యలోనే అయిపోతుంది. అందుకని బాపట్ల హెడ్మాస్టరు కథ చెప్పాను. ఆయన పొట్ట ముందు వచ్చేది, ఆయన పది అడుగుల వెనక వచ్చేవాడు. పొట్ట క్లాసులోకి వెళ్ళి హాజరు పిలిచేసి బయటికి వస్తుంటే ఆయన అప్పుడు గేటు దగ్గరికి చేరేవాడు. అలాంటి మనిషికి ఈ మిషను కట్టారు. అది జలగ లాంటిది, లోపలి కొవ్వు తాగేస్తుంది. ఏడో రోజుకి ఆయన ఎంత సన్నబడ్డాడంటే, గాలివాన వచ్చిన రోజు గొడుగు పట్టుకుని బయల్దేరి కర్లపాలెంలో దిగాడు. గొడుగు మూశాక గానీ కిందికి రాలేకపోయాడు.

"అంతే అమ్మా. నవ్వుకుంటారనుకున్నాను."

ఆమని నవ్వలేదు. నవ్వు వచ్చింది, దాన్ని ఆపుకోవడం నాకు కనిపించింది. తరవాత అది నిజంగానే పోయింది.

"వాళ్ళు నవ్వలేదు," అంది. "నమ్మారు."

"నమ్మలేదండి మేడంగారూ," అంది గంగరత్నం. "బాబాయ్ మాట ఎవరు నమ్ముతారు? కానీ ఒకవేళ నిజమైతే? ఒక్కదాన్నే నేను సన్నబడి, మిగతావాళ్ళు ఊరుకుంటే బాగుంటుందా? అందుకని వంతు వేసుకున్నాం."

"వంతా?"

అప్పుడు గంగరత్నం చెప్పింది వినండి. మొగపాలెం ఆడవాళ్ళు ఏడుగురు ఒక జట్టు. తెల్లారగట్ల ఒకే ఆటోలో రేపల్లె వచ్చి, ఒకే పెట్టె ఎక్కి, తెనాలి చేపల మార్కెట్లో ఒకే వరసలో కూర్చుంటారు. ఆ వరసలో మొదటి చోటు కుళాయి పక్కన, లోపలికి వచ్చేవాళ్ళ కాళ్ళకి అడ్డంగా ఉంటుంది. బేరం ముందు అక్కడే తగులుతుంది. ఆ చోటు రోజుకొకరిది. ఆదివారం గంగరత్నం, సోమవారం దుర్గాదేవి, అలా వారమంతా. వాళ్ళ అత్తల కాలం నుంచీ అంతే. ఒకరి వంతు ఇంకొకరు అడగరు. మిషను కూడా ఆ వంతు ప్రకారమే తిరిగింది. ఎవరు మొదటి చోట్లో కూర్చుంటే ఆ రోజు మిషను వాళ్ళ నడుమున. తెల్లారి ఆటో ఎక్కేముందు చేతులు మారేది.

ఆమని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "ఏడు రోజులు. ఏడుగురు. వేంకటసుబ్రహ్మణ్యం గారు సరిగ్గానే చెప్పారు." నా వంక తిరిగింది. "ఈ కథ ఇంకెక్కడెక్కడ చెప్పారు?"

"ఆ పెట్టెలోనేనమ్మా. ఒట్టు."

"మీ ఒట్టు రిపోర్టులో ఎలా రాయాలండీ?"

బఠాణీల బుట్ట మీద గుడ్డ సర్దుకున్నాను.

"నిజమే చెప్తాను," అంది ఆమని నెమ్మదిగా, తనతో తాను చెప్పుకుంటున్నట్టు. "మిషను చేతులు మారిందని చెప్తాను. ఎందుకు మారిందో కూడా. మీ పేరు రాయాల్సొస్తుంది పున్నారావు గారూ."

"రాయమ్మా. ఇంటిపేరుతో సహా రాయి."

"కానీ నా మాట వాళ్ళెందుకు నమ్మాలి? మొన్న ఒక మనిషన్నాను, ఇవాళ ఏడుగురంటే? రుజువు ఏదైనా ఉండాలి." ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది. "మిషనుతో పాటు ఒక నల్ల పట్టీ ఇచ్చాం. అది తిరిగి రాలేదు."

"అది మొదటిరోజే తెగిపోయిందండి, గంప దించుతుంటే. వల దారం కట్టాం." గంగరత్నం గంప వైపు వంగింది. గంప మీద కప్పిన గోనెపట్టాని బిగించి కట్టిన తాడు విప్పి ఆమని చేతికిచ్చింది. "ఇదేనండి."

ఆకుపచ్చ నైలాను దారం, నాలుగు పేటలు కలిపి పురిపెట్టింది. ఒక చివర ఉచ్చు, మిషను అందులో కూర్చునేది. ఆ ఉచ్చు నుంచి కొలుచుకుంటూ పోతే ఒకచోట ముడి, రెండు వేళ్ళ తరవాత ఇంకో ముడి, మరో రెండు వేళ్ళ తరవాత ఇంకోటి. మొత్తం ఏడు.

"ఇన్ని ముడులెందుకు?"

గంగరత్నానికి సిగ్గేసింది. మార్కెట్లో చేప మొప్ప ఎత్తి చూపించి ఎదుటివాడి నోరు మూయించే మనిషికి. "పొద్దున కట్టుకునేటప్పుడు నడుముకి ఎంత పట్టిందో అక్కడ ముడి వేసుకునేవాళ్ళమండి. సాయంత్రం మళ్ళీ చుట్టి చూసుకోవడానికి. తగ్గితే ముడి లోపలికి జరుగుతుంది కదా."

"జరిగిందా?"

"ఎవరిదీ గోరంత జరగలేదు. బాబాయ్ హెడ్మాస్టరుని మటుకు మా ఇంటికి రానివ్వను."

ఆమని సంచిలోంచి టేపు తీసింది. రోగానికి మందు దొరికినట్టు ఆత్రంగా, కానీ ఎక్కడా తొందరపడకుండా ఒక్కో ముడీ కొలిచింది. పుస్తకం తెరిచింది. మొదటిసారి మొగపాలెం వెళ్ళినప్పుడు ఆడవాళ్ళ నడుములన్నీ కొలిచి రాసుకుంది కదా, అవి. డెబ్బై ఎనిమిది, ఎనభై ఒకటి, ఎనభై నాలుగు. సెంటీమీటర్లట. పుస్తకంలో ఉన్నదానికీ తాడు మీద ఉన్నదానికీ వేలెడు తేడా కూడా లేదు. ముడి కట్టిన చెయ్యి ఎవరిదో గంగరత్నం చూడగానే చెప్పింది. వల అల్లే ఆడదాని ముడి చేవ్రాలు లాంటిది. దుర్గాదేవి ముడి ఎడమకి తిరుగుతుంది. గంగరత్నం ముడి రెండుసార్లు మెలిక పడుతుంది. ఆరు ముడులకి ఆరుగురు దొరికారు.

ఏడో ముడి తాడు చివర, దూరంగా ఉంది. నూట పద్ధెనిమిది.

"ఇది నా పుస్తకంలో లేదు."

"ఉండదండి. అది సరోజది. మీరు కొలతకి వచ్చిన రోజు తలుపు తియ్యలేదు."

సరోజ సంగతి నాకు పైపైన తెలుసు. మొగుడు శివకృష్ణ రెండేళ్ళ కిందట పడవతో సహా వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. తోడు వెళ్ళే మనిషి జ్వరమని ఆ రోజు ఆగిపోవడంతో ఒక్కడే వెళ్ళాడు. అప్పట్నుంచీ ఆవిడ గుమ్మం దాటలేదు. ఒళ్ళు పెరిగింది, మోకాళ్ళు పట్టేశాయి అంటారు. వీళ్ళే కూరా నారా ఇచ్చొస్తారు.

"మరి ఏడుగురి జట్టు అన్నారు?"

"జట్టులో సరోజ ఉందండి. గురువారం సరోజ వంతు. ఆవిడ రాదు, ఆవిడ గంప వస్తుంది. మొదటి చోట్లో ఆ గంప పెట్టి, తలా కాసిని చేపలు అందులో వేసి అమ్ముతాం. రానంత మాత్రాన వంతు తీసేస్తామా? మిషను కూడా బుధవారం సాయంత్రం ఇచ్చి, శుక్రవారం పొద్దున తీసుకున్నాం. గురువారం గీతలేం ఉండవు మేడంగారూ. పాపం కూర్చునే మనిషి."

ఆమని గురువారం వరస పెద్దది చేసింది. లాప్‌టాప్ మా ఇద్దరి వైపు తిప్పింది.

ఆ వరస నిండా చెట్లే.

* * *

"పొద్దున ఆరున్నర నుంచి పది దాకా చూడండి," అంది ఆమని. "పదకొండు అడుగులు, చిన్న ఆగుడు. మళ్ళీ పదకొండు, మళ్ళీ ఆగుడు. మూడున్నర గంటలు ఇలాగే. గోడ దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతున్నట్టు."

"ఇంట్లోనా?" అంది గంగరత్నం.

"ఇంట్లోనే అనుకుంటా. మధ్యాహ్నం రెండూ పదికి మాత్రం ఆగుడు లేదు. గంటా అయిదు నిమిషాలు తిన్నగా, ఎక్కడా తిరక్కుండా నడిచారు. దగ్గర దగ్గర అయిదువేల అడుగులు. ఇరవై నిమిషాలు కూర్చున్నారు. మళ్ళీ అన్నే అడుగులు వెనక్కి."

"ఎటు?"

"అది మిషనుకి తెలీదండీ. ఎన్నడుగులో చెప్తుంది, ఎటో చెప్పదు."

"అయితే మిషను అబద్ధమాడుతోంది," అంది గంగరత్నం.

"దానికి రాదు," అంది ఆమని. నా వంక చూడకుండానే అంది. నాకు తగిలింది.

తరవాత ఆవిడ ఆ గీతల్ని ఒక్కొక్కటే వేలితో తడుముతూ పోయింది. సోమవారం, కమిటీ, పన్నెండు పల్లెలు, అన్నీ మరిచిపోయినట్టుంది. చిన్నపిల్లలు చీమల బారు వెంట పడ్డప్పుడు అలా ఉంటారు.

"నాలుగేళ్ళుగా నేను వెతుకుతున్నది ఇదే పున్నారావు గారూ. నడిచేవాళ్ళు ఎందుకు మానేస్తారో నాకిప్పుడు బోలెడు తెలుసు. ఆటో వచ్చింది, బండి వచ్చింది, టీవీ వచ్చింది, మోకాలి నొప్పి వచ్చింది. మానేసినవాళ్ళు మళ్ళీ ఎందుకు మొదలుపెడతారో మాత్రం తెలీదు. బోర్డులు రాయించాం. బాపట్లలో నడవడానికి బాట చదును చేయించి దీపాలు కూడా పెట్టించాం. మొదటి వారం అరవైమంది, నెల తిరిగేసరికి నలుగురు. అందులో ఇద్దరు వాచ్‌మన్లు. ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా, ఈవిడ ఎందుకు నడుస్తోంది?"

"అడిగితే సరి," అన్నాను.

"అడగాలి. అసలు అడగకుండా ఇది ఎవరికీ చూపించకూడదు నేను. మిగతా ఆరుగురూ మొదటిసారే కాగితం మీద సంతకం పెట్టారు. సరోజ గారు పెట్టలేదు. ఆవిడ ఒప్పుకోకపోతే గురువారం చెరిపెయ్యాలి. చెరిపేస్తే ఆరు రోజులే ఉంటాయి. ఏడోది దాచావేంటంటారు. మళ్ళీ మొదటికే వస్తుంది."

అంటే పన్నెండు పల్లెలూ ఇప్పుడు సరోజ చేతి సంతకం మీద ఉన్నాయి. బండి వచ్చింది. ఎక్కాం.

* * *

మామూలుగా చినరావూరు దాటకముందే నా నోరు తెరుచుకుంటుంది. ఆ రోజు వేమూరు వచ్చినా తెరుచుకోలేదు. బఠాణీల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను.

"ఏంటి బాబాయ్, ఇవాళ కథ లేదా?" అంది దుర్గాదేవి. "పోనీ ఆ గూడకొంగది చెప్పు."

అది తాజా కథ. కిందటి వారం గురువారం నేను రైలు దిగి కాలవ చివరి లాకుల పక్కనున్న మా ఇంటికి వెళ్ళేసరికి అరుగు మీద ఎండురొయ్యల పొట్లం ఉంది. ఎవరు పెట్టారో తెలీదు. తెలీనప్పుడు ఊరుకోవడం నాకు చేతకాదు. చిన్నప్పుడు నేను గాలం ముల్లు తీసి బతికించిన గూడకొంగ ముసలిదై, పోయేముందు తన ఆస్తి నాకు రాసిచ్చిందని చెప్పాను. రొయ్యలు ఎండబెట్టింది వాళ్ళ కోడలట.

"వద్దులే," అన్నాను.

"అయితే పడవకి చెయ్యి మొలిచిన కథ?"

"అది మటుకు చెప్పకు," అంది గంగరత్నం అటువైపు సీటులోంచి. "ఆ కథ మొన్నామధ్య సరోజకి చెప్పాను, కాస్త నవ్వుతుందని. రెండు నెలలైంది. నవ్వలేదు సరికదా, అన్నం కూడా పెట్టించుకోలేదు. నీ కథకి నవ్వని మనిషిని మొదటిసారి చూశాను బాబాయ్."

ఆమని పుస్తకంలోంచి తలెత్తింది. "ఏంటా కథ?"

"ఏముందమ్మా. కిందటి వేసవిలో మా మేనల్లుడి పిల్ల పెళ్ళికని కాకినాడ అవతలికి వెళ్ళాను. అక్కడ రేవులో ఒక పడవ బోర్లా పడుకోబెట్టి ఉంది. దాని కడుపున చెయ్యి మొలిచింది. ఐదు వేళ్ళూ ఊపుతూ నన్ను రా రమ్మంది. రైలు టైమైందమ్మా అని దండం పెట్టి వచ్చేశాను."

దుర్గాదేవి నవ్వింది. పక్క సీటువాళ్ళూ నవ్వారు. ఆమని పుస్తకంలో ఏదో రాసుకుంది. భట్టిప్రోలు వచ్చింది, పోయింది.

* * *

మొగపాలెంలో సరోజ ఇల్లు చివరిది. తలుపు గంగరత్నమే తోసింది.

ముందు గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకటే పొడుగాటి గది. సామానంతా గోడలకి చేర్చి ఉంది. మధ్యలో నాపరాళ్ళ మీద ఒక బాట. చెప్పులేని కాళ్ళు తిరిగి తిరిగి అక్కడ మటుకు నున్నగా, నల్లగా మెరుస్తోంది. ఆమని దాని పక్కన నిలబడి కళ్ళతోనే కొలిచింది. నా అడుగులైతే ఎనిమిది. మోకాళ్ళు పట్టేసిన మనిషి అడుగులైతే, పదకొండు.

సరోజ గోడకి చేరబడి కూర్చుని ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. భారీ మనిషి. ఎడమ చెయ్యి కొంగు కింద పెట్టుకుంది. మా ముగ్గుర్నీ చూసింది, లాప్‌టాప్ చూసింది.

"మిషను చెప్పేసిందా?"

"కొంతే చెప్పింది," అంది ఆమని నేల మీద ఎదురుగా కూర్చుంటూ. "మిగతాది మీరు చెప్తే వింటాను. చెప్పకపోయినా ఏం పర్లేదు."

"సరోజా, నడుస్తున్నావా నువ్వు?" అంది గంగరత్నం. గొంతులో సంతోషం ఉంది, దాని వెనక ఇంకేదో ఉంది. "రెండేళ్ళుగా నీ గంప నేను మోస్తున్నా. ఒక్క మాట చెప్పలేదే."

"చెప్తే రేపట్నుంచి ఆ గంప ఎత్తుకోమంటావు వదినా."

"అంటే తప్పా?"

"తప్పు కాదు. గంప కోసం నడవట్లేదు నేను. మీరు నా వంతు తీసెయ్యలేదు, అది నా ప్రాణం పోయేదాకా మర్చిపోను. కానీ నేను వెళ్ళాల్సిన చోటు వేరే ఉంది. రెండేళ్ళు ఎక్కడికి వెళ్ళాలో తెలీక కూర్చున్నాను. చోటు తెలిశాక లేచాను. మొదటిరోజు గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేశా. అంతే."

ఆమని పెన్ను తీసిందల్లా మళ్ళీ మూసేసింది. ఇప్పుడు రాసుకోకూడదని ఆవిడకి తెలుసు. సోమవారం సంగతంతా ఒక్కటీ దాచకుండా చెప్పింది. కమిటీ ఏమందో, పల్లెలు ఎందుకు పోతాయో, గురువారం గీత ఎందుకు కావాలో. పేరు ఎక్కడా రాయనంది. ఇష్టం లేకపోతే ఇప్పుడే, ఎదురుగానే చెరిపేస్తానంది. కాగితం నేల మీద పెట్టింది.

సరోజ కాగితం వంక చూడలేదు. నా వంక చూసింది.

"సంతకం పెడతానండి. ఈ బాబాయ్ ఒక్క ప్రశ్నకి నిజం చెప్తే."

"నన్నా?"

"గురువారం నేను వచ్చింది మీ ఇంటికే బాబాయ్. కాలవ గట్టెమ్మట. ఆ వేళకి ఇంకా రైల్లోనే ఉంటారనుకోలేదు. అరుగు మీద ఇరవై నిమిషాలు కూర్చున్నా. చీకటిపడేలోగా ఇల్లు చేరాలి కదా, తెచ్చిన పొట్లం అక్కడే పెట్టి వచ్చేశాను."

గంగరత్నం నోటి మీద చెయ్యి వేసుకుంది. "గూడకొంగవి నువ్వా."

సరోజ నవ్వలేదు. "బోర్లించిన పడవ చూశానని చెప్పారు. కడుపున చెయ్యి ఉందని. నా పెనిమిటి పడవకి రంగు వేసిన రోజు, తడి ఆరకముందు, ఆయన చూడకుండా కింద భాగాన నా చెయ్యి అద్దాను. నీళ్ళలో ఉంటే కనపడదు. బోర్లిస్తేనే కనపడుతుంది. తరవాత చూసుకున్న ఆయనకీ నాకూ తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు, వదినకి కూడా. ఇప్పుడు చెప్పండి. మీరు చూశారా? రైలు కోసం కల్పించారా?"

గదిలో ఎవరి నడుముకైనా మిషను ఉండి ఉంటే ఆ నిమిషం ఒక్క గీత కూడా పడేది కాదు.

నేను నోరు తెరిచాను. అలవాటు కొద్దీ నాలుగైదు మాటలు నాలిక మీదికి వచ్చి నిలబడ్డాయి, అన్నీ బాగున్నవే. కల్పించానంటే ఈవిడ మళ్ళీ గోడకి చేరబడుతుంది. చూశానంటే ఈవిడని ఎక్కడికి లేపుతున్నానో నాకు తెలీదు. ఆమని నా వంక చూస్తోంది. సంతకం కోసం చూస్తున్నట్టు లేదు. నేనేం చెప్తానో తెలుసుకోవాలని చూస్తోంది.

"ఊపిందన్నది నేను కల్పించాను," అన్నాను. "చెయ్యి కల్పించలేదు."

"ఏ చెయ్యి?"

"ఎడమది. పచ్చ రంగు."

"ఎన్ని వేళ్ళు?"

"కథలో ఐదూ పెట్టానమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఎవరూ నమ్మరనిపించింది." నా చిటికెన వేలు సగానికి మడిచి చూపించాను. "చిటికెన వేలు సగమే ఉంది."

సరోజ ముందుకి వంగింది. కాగితం దగ్గరికి లాక్కుంది. కుడిచేత్తో పెన్ను తీసుకుని, కాగితం కదలకుండా కొంగు కిందినుంచి ఎడమ చెయ్యి తీసి దాని మీద అదిమిపెట్టింది. ఎప్పుడో వల తాడు లాగేసిన చిటికెన వేలు, రెండో కణుపు దగ్గర ఆగిపోయి ఉంది.

కూడబలుక్కుంటూ మూడక్షరాల సంతకం పూర్తి చేసింది. కాగితం ఆమని వైపు జరిపింది. అరచెయ్యి నేలకి ఆనించి, గోడ పట్టుకోకుండా లేచి నిలబడింది.

"మీ లెక్క మీకు ఇచ్చేశాను మేడంగారూ," అంది. "ఇప్పుడు నాకొక లెక్క చెప్పండి. కాకినాడ అవతల ఆ రేవుకి, ఇక్కణ్ణించి ఎన్ని అడుగులు?"